అప్‌డేట్: అమ్మ చెవి నరం గడ్డకి గామా నైఫ్ చేయించాం

అమలాపురంలో ఉండే మా అమ్మకి కుడి చెవి నరం మీద రెండు సెంటీమీటర్ల లోపు గడ్డ, వెస్టిబ్యులర్ ష్వానోమా అన్నారు, తల తెరిచే ఆపరేషనా, రేడియేషనా అని పోయినేడాది అడిగాను కదా. హైదరాబాద్‌లో గామా నైఫ్ చేయించాం, అంటే పేరులో కత్తి ఉన్నా రేడియేషన్ చికిత్సే.

కోత లేదు. కోబాల్ట్-60 అనే రేడియోధార్మిక లోహం నుంచి 192 సన్నటి కిరణాలు గడ్డ దగ్గర కలుస్తాయి. డోసు 12 గ్రే (రేడియేషన్ కొలత), ఒక్కసారే. తల కదలకుండా ఫ్రేమ్ బిగించేటప్పుడు నుదుటి మీద, తల వెనక నాలుగు పిన్నుల చోట ఇచ్చిన మత్తు ఇంజెక్షన్లే చురుక్కుమన్నాయట. మర్నాడే గౌతమి ఎక్స్‌ప్రెస్ ఎక్కేశాం.

అసలు టెన్షన్ ఆరు నెలల ఎమ్మారైతో మొదలైంది. గడ్డ కాస్త పెరిగినట్టు కనబడింది. "అప్పుడే కోయించేయాల్సింది" అని చుట్టాలంతా ఒకటే పోరు. మొదటి ఏడాది, ఏడాదిన్నర వాపు మామూలేనని, తొందరపడి ఆపరేషన్ వద్దని డాక్టర్‌గారు ఆపారు. ఈమధ్య తీసిన స్కాన్‌లో పాత సైజుకి వచ్చేసింది, మధ్యలో నల్లబడింది కూడా, అది కిరణాలు పనిచేసిన గుర్తేనట. గడ్డ మాయమవదు, పెరగకుండా ఆగడమే లెక్క. ఇలాంటి చిన్న గడ్డలు నూటికి తొంభై పైగా ఆగుతాయి. మెదడు కాండాన్ని నొక్కేంత పెద్దదైతే మాత్రం ఆపరేషనే దారి.

పక్కనే ఉండే ముఖం నరానికి దెబ్బ తగల్లేదు: ముఖం వంకర పోలేదు, పుక్కిలిస్తే నీళ్లు పక్కకి కారట్లేదు. వినికిడి మాత్రం తగ్గింది, ముందే చెప్పారనుకోండి. ఫోన్ ఎడమ చెవికే. చీకటి పడ్డాక కాలవ గట్టు మీద ఒంటరిగా నడవనివ్వట్లేదు, ఇంకా కొంచెం తూలుతోంది. మళ్లీ స్కాన్ వచ్చే ఏడాది.