చింతపిక్కలతో లెక్కలా, నోటుబుక్‌లో వందా?

నాగావళి నాన్న (శ్రీకాకుళం)
మా పాప యూకేజీ. స్కూల్లో రోజూ ఒకటి నుంచి వంద దాకా రాయిస్తున్నారు. మొన్న ఆదివారం ఊరెళితే మా అమ్మ చింతపిక్కలు ముందేసుకుని దానితో ఆడుతోంది. సరదాకి నేనూ కూర్చుని ఏడేసి పిక్కలు రెండు వరసలు పేర్చాను. సమానమేనా అంటే అవునంది. ఒక వరసని దూరం దూరంగా జరిపి మళ్లీ అడిగితే "ఇటే ఎక్కువ" అంది. వంద దాకా గడగడా రాసే పిల్ల! నాకు టెన్షన్ పట్టుకుంది. మా ఆవిడేమో "స్కూల్ వాళ్లకి తెలీదా, ఊరుకో" అంటోంది. ఈ వయసులో లెక్కలు ఆటతో నేర్పాలా, రాయించాలా?

బొబ్బిలి మాస్టారు
కంగారు పడకు బాబూ. వరస పొడుగ్గా కనబడింది, ఎక్కువంది. స్విట్జర్లాండ్‌లో పియాజే అనే ఆయన పిల్లల్లో గమనించింది సరిగ్గా ఇదే. ఆరేడేళ్లు వచ్చేసరికి చాలామందికి అదే తెలిసొస్తుంది, తప్పని గదమాయించకు. వంద రాయడం వేరు, వందంటే ఎంతో తెలియడం వేరు.

నేను ఒకటో తరగతికి చాలా ఏళ్లు చెప్పాను. వామనగుంటలు ఆడే పిల్లలతో నాకు పని తక్కువ. పద్నాలుగు గుంటలు, ఒక్కో గుంటలో ఒక్కో పిక్క వేసుకుంటూ పోవాలి. ఖాళీ గుంట తగిలితే దాని పక్క గుంటలోవి మనవే. మొదట్లో వేసి చూసుకుంటారు. కొన్నాళ్లకి పిక్కలు చేతిలోకి తియ్యకుండానే, ఆఖరిది ఎక్కడ పడుతుందో కళ్లతో లెక్కేసి గుంట ఎంచుకుంటారు. దాన్నంటాను నేను లెక్కని.

కోట వీధి అమ్మ (విజయనగరం)
మాస్టారూ, కోపగించుకోకండి. ఇలాంటి మాటలు విని మా బాబుని ఆటల బడిలో వేశాం. రెండేళ్లు గులకరాళ్లు, ఆకులు, ఇసక. ఫొటోలు మాత్రం బాగుండేవి. తర్వాత మామూలు స్కూల్లో చేర్పిస్తే సిక్స్‌టీన్ రాయమంటే 61 రాసేవాడు. రోజూ సాయంత్రం ఏడుపే, వాడూ నేనూ. కట్టిన ఫీజు సంగతి సరేసరి.

ఇంకో మాట. మాంటిస్సోరి బడుల్లో పూసలు ప్రత్యేకంగా ఎందుకు చేయిస్తారు? పది పూసల కడ్డీ, వంద పూసల పలక, వెయ్యి పూసల దిమ్మ, పూసలన్నీ ఒకే సైజు. పిక్కల కుప్పలో పదులూ వందలూ ఎక్కడ కనబడతాయి?

అంగన్‌వాడీ టీచర్ (ఆమదాలవలస వైపు)
61 అని రాయడం పిక్కల తప్పు కాదమ్మా. సిక్స్‌టీన్ అంటే ముందు సిక్స్ వినబడుతుంది, ముందు 6 రాస్తారు. పదహారు అనండి, పది ముందొస్తుంది. కొబ్బరి ఈనెలు పదేసి కట్ట కట్టించండి. ఒక కట్ట, ఆరు విడి పుల్లలు పక్కపక్కన పెడితే 16. పదహారులోంచి తొమ్మిది తియ్యమంటే విడి పుల్లలు చాలవు, కట్ట విప్పాల్సిందే. అప్పు తెచ్చుకోవడం అంటే ఇదేనని మా పిల్లలకి వేరే చెప్పక్కర్లేదు.

అయితే ఉన్నమాట చెప్పాలి. పిక్కలు ముందు పోసి వదిలేస్తే లెక్కలు రావు. పక్కన కూర్చుని "నాకెన్ని ఇస్తే ఇద్దరికీ సమానం?" అని అడుగుతుండాలి. వంట, బరువులు తూచడం, రిజిస్టర్లు, ఫోన్లో యాప్‌లు అయ్యాక అలా కూర్చునేది వారంలో రెండు రోజులు. 3 నుంచి 8 ఏళ్ల పిల్లలకి ఆటతోనే చెప్పాలని 2022లో జాతీయ పాఠ్య ప్రణాళిక చట్రంలో రాశారు. తల్లులొచ్చి నోటుబుక్ ఏదీ అంటారు.

పలాస మందుల షాపు
ఆటో రాతో మీరు తేల్చుకోండి. గురివింద గింజలు మాత్రం పిల్లల దగ్గరికి రానివ్వకండి. చూడ్డానికి ముచ్చటగా ఉంటాయి, నమిలి మింగితే ప్రాణం మీదికొస్తుంది. మా వైపు పచ్చి జీడిపిక్కలతో ఇంకో గొడవ. పెంకు పగిలి జీడి అంటితే చర్మం కాలినట్టు పొక్కుతుంది. (మా చిన్నప్పుడు వేసవంతా వాటితోనే ఆడాం, అది వేరే సంగతి.) ఇంట్లో మూడేళ్లలోపు వాళ్లుంటే చింతపిక్కలు కూడా వద్దు, ముక్కులో దూర్చుకుంటారు. తాటిటెంకలివ్వండి.

కోట వీధి అమ్మ (విజయనగరం)
ఈనెల కట్టలు ఇవాళే కడతాను. కానీ టీచరుగారూ, వారంలో రెండు రోజులని మీరే అన్నారు. మిగతా రోజులకి నోటుబుక్కే కదా దిక్కు?

బొబ్బిలి మాస్టారు
రాయించొద్దని నేననలేదమ్మా. ఆట అయ్యాక ఎవరికెన్ని పిక్కలొచ్చాయో పలకమీద వాళ్లచేతే రాయించేవాణ్ణి. ఒకటి తక్కువ రాస్తే పక్కవాడు ఊరుకోడు, అందుకని ఒకటికి రెండుసార్లు లెక్కపెట్టుకునేవారు.

నాగావళి నాన్న (శ్రీకాకుళం)
నిన్న రాత్రి అష్టాచెమ్మా ఆడాం. నాలుగు గవ్వలూ వెల్లకిలా పడితే నాలుగు, బాగానే ఉంది. బోర్లా పడితే ఎనిమిది ఎందుకని అడిగింది పాప. మా అమ్మ "అదంతే" అంది. ఎవరికైనా తెలిస్తే చెప్పండి, పొద్దున్నుంచి వదలట్లేదు. హోంవర్క్ డెబ్బై దగ్గర ఆగిపోయింది.