4 అడుగుల 11 అంగుళాల అమ్మాయికి మొదటి బండి: స్కూటరా, గేర్ల బైకా?

గుంటకట్ట
అన్నలూ, అక్కలూ, ఇంట్లో రెండు వారాలుగా ఇదే గొడవ, కాస్త తేల్చిపెట్టండి. మాది కోవూరు. ఇందుకూరుపేట వైపు రొయ్యల గుంటల నీళ్లు టెస్ట్ చేసే ల్యాబ్‌లో చేరాను. గుంటల దగ్గరికెళ్లి శాంపిళ్లు తేవాలి. కొంత దూరం తార్రోడ్డు, తర్వాత కట్టల మీద మట్టిదారి. బరువు 43 కిలోలు, ఎత్తు పైనే ఉంది. సైకిల్ తప్ప ఏదీ తొక్కలేదు. నాన్న స్కూటర్ అంటాడు. మా అన్నేమో "350 బుల్లెట్ తీసుకో, లారీలోళ్లు కూడా పక్కకు జరుగుతారు" అంటాడు. నాకు గేర్ల బండి మీద మనసు. చూసినవాళ్లంతా అడిగేది ఒక్కటే, కాళ్లు అందుతాయా అని.

మైపాడురోడ్డు
నాన్న మాటే విను చెల్లెమ్మా. క్లచ్, గేరు, బ్రేకు, ఎదురొచ్చే ఆటో, అన్నీ ఒకేసారి చూసుకోవాలంటే కొత్తలో ఉండే టెన్షన్ అంతా ఇంతా కాదు. స్కూటర్‌కి ఆ బాధ లేదు. శాంపిళ్ల ఐస్‌బాక్స్ కాళ్ల దగ్గర పెట్టుకుంటే కళ్లెదురుగానే ఉంటుంది. బైక్ మీద దాన్ని వెనక కట్టాలి, గతుకుల్లో సీసాలు ఏమవుతాయో ఆలోచించు.

ఒంగోలుగేర్‌బాక్స్
ఐస్‌బాక్స్ సంగతి ఒప్పుకుంటా. మిగతాది ఒప్పుకోను. అమ్మాయి పోయేది ట్రంకురోడ్డు మీద కాదు, గుంట కట్ట మీద. యాక్టివాకి ముందు చక్రం 12 అంగుళాలు, వెనకది 10. స్ప్లెండర్‌కి రెండూ 18. ట్రాక్టర్ పోయిన గాడిలో చిన్న చక్రం దిగబడ్డంత తేలిగ్గా పెద్ద చక్రం దిగబడదు. వాన పడ్డాక ఆ దారిలో స్కూటర్ తోసుకుంటూ వచ్చినవాళ్లని అడగండి, చెప్తారు.

ఇంకోటి. స్కూటర్ సీటు తక్కువ ఎత్తు అనుకుంటారు గానీ, సీటూ అడుగు భాగమూ వెడల్పు. తొడలు పక్కకు పోతాయి కాబట్టి కాలు పొట్టిదవుతుంది. స్ప్లెండర్ సీటు 785 మిల్లీమీటర్ల ఎత్తున్నా ముందు భాగం సన్నం. కాస్త ముందుకు జరిగి కూర్చుంటే కాలు తిన్నగా కిందికి దిగుతుంది. కాగితం మీద ఎత్తు ఒకటి, కాలికి తెలిసే ఎత్తు ఇంకొకటి.

ట్రంకురోడ్డు
ఎత్తే సమస్యయితే రాయల్ ఎన్‌ఫీల్డ్ వాళ్లదే మీటియోర్ 350 ఉందిగా! సీటు 765, మీ స్ప్లెండర్ కంటే 20 మిల్లీమీటర్లు కిందికే. రెండు కాళ్లూ అందడం ఇంకా తేలిక. అన్న చెప్పినట్టు రోడ్డు మీద మర్యాదా ఉంటుంది. ఇంకా కిందికి కావాలంటే అవెంజర్, 737.

ఒంగోలుగేర్‌బాక్స్
నేను మొత్తుకునేది ఇదేనయ్యా. మీటియోర్ 191 కిలోలు, స్ప్లెండర్ 112. ఆ 20 మిల్లీమీటర్ల కోసం 79 కిలోలు నెత్తిన పెట్టుకుంటామా? 43 కిలోల మనిషికి దాదాపు తనలాంటి ఇద్దర్ని అదనంగా ఎక్కించినట్టు. నడిచేటప్పుడు ఏ బండీ బరువుండదు. బరువు తెలిసేది ఆగినప్పుడు, కట్ట మీద వెనక్కి తిప్పుకునేటప్పుడు, కాస్త పక్కకి ఒరిగినప్పుడు. స్ప్లెండర్ ఒరిగితే తొడతో ఆపొచ్చు. 191 కిలోలది ఒక హద్దు దాటి ఒరిగాక పాదం పూర్తిగా ఆనినా ఆగదు. అవెంజర్‌ది ఇంకో తంటా. పొడుగు బండి, కాళ్లు ముందుకి చాపాలి, హ్యాండిల్ కోసం చేతులూ చాపాలి. పొట్టి చేతులతో ఇరుకు దారిలో పూర్తిగా తిప్పి చూడమనండి.

లారీలోళ్లు పక్కకు జరగడం గురించి: ముత్తుకూరు రోడ్డు మీద పోర్టు లారీ కారుకే జరగదు, బుల్లెట్‌కి జరుగుతుందా!

చీమకుర్తి
నవ్వించారు గానీ, లారీల సంగతి అంత తేలిక కాదన్నా. మా వైపు గ్రానైట్ రాళ్ల లారీల వెనక స్ప్లెండర్ మీద ఇరుక్కుంటే దాటడానికి ఊపు చాలదు, ఇటు దుమ్ము. బ్రేకుల మాట ఎవరూ ఎత్తలేదేం? 125 సీసీ దాటిన కొత్త బండికి 2019 నుంచి ఏబీఎస్ తప్పనిసరి, అంటే గట్టిగా బ్రేకు పట్టినా చక్రం బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు. 125 వరకు ఉన్న బండ్లకి రెండు బ్రేకులూ కలిసి పడే ఏర్పాటు చాలన్నారు. రోడ్డు మీద వడ్లు ఆరబోసే కాలంలో గట్టిగా బ్రేకు పట్టి చూడండి, ఏబీఎస్ విలువ తెలుస్తుంది. నేనైతే పల్సర్ 150 అంటాను. సీటు 785, మీ స్ప్లెండర్ అంతే.

ఒంగోలుగేర్‌బాక్స్
ఏబీఎస్ మంచిదే, కాదనను. కానీ పల్సర్ 148 కిలోలు, ట్యాంకు దగ్గర వెడల్పు కూడా. పైగా ఈ అమ్మాయి లారీలను దాటాలని ఇప్పుడే ఎందుకు అనుకోవాలి? మొదటి ఏడాది వెనకే పోనీ.

చీమకుర్తి
వెనకే పోతే వెనకొచ్చేవాడు గుద్దుతాడు. ఇది ఇక్కడ తెగేది కాదులే. కనీసం ముందు డిస్క్ ఉన్న 125 అయినా చూడమ్మా. టీవీఎస్ రైడర్ బండి 123 కిలోలే, సీటు 780.

గుంటకట్ట
సీటు ఫోమ్ కోయించుకుంటే సరిపోతుందని మా వీధిలో ఒకాయన అన్నాడు. నిజమేనా?

పొదలకూరునిమ్మ
కోయించొచ్చు, అదే మొదటి పని కాకూడదు. ఫోమ్ పలచనైతే గతుకులన్నీ నడుముకే తగులుతాయి. మొదట వెనక చక్రం షాక్ అబ్జార్బర్లు చూడు. స్ప్లెండర్‌కి వాటిలో 5 మెట్లు ఉంటాయి, మెకానిక్ చేత అన్నిటికంటే మెత్తని మెట్టులో పెట్టించు. నీ బరువుకి బండి ఎలాగూ పెద్దగా దిగదు, గట్టి మెట్టులో ఉంటే అసలే దిగదు. చాలకపోతే అప్పుడు ఫోమ్, అదీ పక్కల అంచులు మాత్రమే చెక్కించు, మధ్యలో ముట్టనీయకు.

డబ్బులు మిగలాలంటే సెకండ్ హ్యాండ్ బండి మీద నేర్చుకో. కొత్త బండి ఒకసారి పడితే నీకంటే మీ నాన్నకే ఎక్కువ నొప్పి.

బుచ్చిటీచరక్క
నేనూ ఐదడుగుల లోపే, బుచ్చిరెడ్డిపాళెం నుంచి బడికి గేర్ల బండి మీదే వెళ్తాను. రెండు కాళ్లూ ఆనాలన్నది మగవాళ్లు పెట్టిన రూలు. కుడికాలు బ్రేకు మీద, ఎడమకాలు నేల మీద, అంతే చాలు. ఎక్కడ ఆపుతున్నామో చూసుకోవడమే అసలు విద్య. కట్ట మీద దారి పక్కకి వాలుగా ఉంటుంది. వాలు వైపు కాలు దించావంటే నేల అందదు, బండీ నువ్వూ కలిసి గుంటలోకే. ఎడమ వైపు మెరకగా ఉన్నచోట చూసుకుని ఆగు.

పడితే లేపడం కూడా ముందే నేర్చుకో. ఇంజన్ ఆపు. కుడిపక్కకు పడితే సైడ్ స్టాండ్ ముందే తీసిపెట్టు, లేదంటే లేపిన ఊపులో అటు పడుతుంది. సీటుకి వీపు ఆనించి గొంతుక్కూర్చో, ఒక చెయ్యి హ్యాండిల్ మీద, ఇంకోటి వెనక కమ్మీ మీద. నడుముతో ఎత్తొద్దు, కాళ్లతో నెట్టుకుంటూ వెనక్కి అడుగులెయ్యి. ఈ పద్ధతిలో నేను స్ప్లెండర్ లేపగలను. 350 లేపలేను.

చున్నీ పిన్ను పెట్టి వెనక ముడేసుకో. చెయిన్ మొత్తం మూతలో ఉన్న బండే కొను.

మైపాడురోడ్డు
సరే, గేర్ల బండే అనుకుందాం. లైసెన్సు మాటేంటి? ముందు స్కూటర్ మీద టెస్ట్ ఇచ్చేస్తే తేలిక కదా.

బుచ్చిటీచరక్క
వద్దు. గేర్లు లేని బండి మీద ఇస్తే లైసెన్సు గేర్లు లేని వాటికే వస్తుంది, బైక్‌కి మళ్లీ తిరగాలి. ఎల్‌ఎల్‌ఆర్, అంటే నేర్చుకునేవాళ్లకిచ్చే లైసెన్సు, 6 నెలలు చెల్లుతుంది, తీసుకున్న 30 రోజుల తర్వాత టెస్ట్‌కి పోవచ్చు. ఆ నెలంతా గేర్ల బండి మీదే నేర్చుకో.

గుంటకట్ట
అక్కా, చాలా థాంక్స్. మా అన్నకి ఈ 79 కిలోల లెక్క చూపించాను, "నేను పక్కన ఉంటాగా లేపడానికి" అన్నాడు. గుంట కట్ట మీద వాడెక్కడుంటాడు! ఆదివారం షోరూమ్‌కి పోతున్నాం. స్ప్లెండర్, రైడర్ రెండూ ఎక్కి చూస్తా.

ఒంగోలుగేర్‌బాక్స్
పనికి వేసుకునే చెప్పులతోనే పో, హీల్స్ వద్దు. షోరూమ్‌లో బండి సెంటర్ స్టాండ్ మీద ఉంటుంది, అలాగే ఎక్కి కూర్చోమంటారు. స్టాండ్ దింపించి ఎక్కు. ఎక్కాక సేల్స్ కుర్రాణ్ని చెయ్యి తియ్యమను, నువ్వే దిగి బండిని వెనక్కి తోసి చూడు.

చీమకుర్తి
రైడర్ ముందు ఎక్కు.