చిన్న లేత్‌కి కార్బైడ్ టిప్పా, హెచ్‌ఎస్‌ఎస్ బిట్టా?

కొత్తచెయ్యి:
అందరికీ నమస్కారం. ఇంటి షెడ్డులో మినీ లేత్ (లోహపు ముక్కని తిప్పుతూ కోసే మెషీన్) పెట్టుకుని నాలుగు నెలలైంది. మోటారు 350 వాట్లు. దాంతోపాటే కార్బైడ్ టిప్పులు (అరిగితే మార్చుకునే చిన్న కోత ముక్కలు) బిగించే హోల్డర్ల సెట్ కూడా కొన్నాను. 20 మి.మీ. ఎమ్మెస్ (మైల్డ్ స్టీల్) రాడ్ మీద 0.1 మి.మీ. లోతు కట్ ఇస్తే టిప్ కొయ్యడం లేదు, రుద్దుతోంది. జాబ్ (కోస్తున్న ముక్క) మీద పిల్లి గీరినట్టు గీతలు. పోనీ అని కట్ పెంచితే చాటరింగ్, టూల్ అంతా అదురుతోంది. ఇంకా పెంచితే మోటారు మూలిగి ఆగిపోతోంది. నిన్న చదరపు కడ్డీని గుండ్రంగా తిప్పబోతే నిమిషంలో టిప్ మూల ఎగిరిపోయింది. నాకు తెలిసిన టర్నర్ ఒకాయన వచ్చి చూసి, "ఈ బుల్లి లేత్‌కి టిప్పులెందుకు బాబూ, హెచ్‌ఎస్‌ఎస్ బిట్ సాన పట్టుకో" అన్నారు. హై స్పీడ్ స్టీల్ కడ్డీని మనమే సాన పట్టి మొన చేసుకోవాలట. వీడియోల్లో చూస్తే అందరూ టిప్పులే వాడుతున్నారు. నేనేం చెయ్యాలి?

పాతటర్నర్:
ఆయన చెప్పిందే నా మాట కూడా. చిన్న లెక్క చూడండి. ఎమ్మెస్‌కి హెచ్‌ఎస్‌ఎస్‌తో నిమిషానికి 25 మీటర్ల వేగం చాలు. మీ 20 మి.మీ. రాడ్ మీద అది దాదాపు 400 ఆర్‌పీఎమ్. కార్బైడ్ దాని పనితనం చూపించాలంటే 100 మీటర్లయినా కావాలి, అంటే 1600 ఆర్‌పీఎమ్. మీ లేత్ అంత వేగం తిరుగుతుంది, కాదనను. 1 మి.మీ. కట్, 0.1 ఫీడ్ (ఒక్కో చుట్టుకి టూల్ జరిగే దూరం) అనుకుంటే 25 మీటర్ల దగ్గర కోతకి సుమారు 100 వాట్లు సరిపోతాయి. అదే కట్ 100 మీటర్ల దగ్గర 400 అడుగుతుంది. మీ మోటారు ఎందుకు మూలుగుతోందో అర్థమైందా?

చదరపు కడ్డీ అంటారా, అక్కడ టూల్‌కి ప్రతి చుట్టులో నాలుగు దెబ్బలు. కార్బైడ్ గట్టిది, కానీ పెళుసు. హెచ్‌ఎస్‌ఎస్ ఆ దెబ్బలు ఓర్చుకుంటుంది.

మైక్రాన్:
1 మి.మీ. కట్ ఇమ్మని ఎవరన్నారు సార్? 0.4 ఇస్తే మీ లెక్కలోనే 160 వాట్ల దగ్గర ఆగుతుంది. అది 350 వాట్ల మోటారు మొయ్యగలదు. టిప్పుల్ని తిట్టేవాళ్లలో ఎక్కువమంది ఏ టిప్ వాడారో చెప్పరు. కొత్తచెయ్యి గారూ, మీ టిప్ డబ్బా మీద నంబరు ఏముంది?

కొత్తచెయ్యి:
సీసీఎంటీ 060204.

మైక్రాన్:
అనుకున్నాను. చివరి 04 అంటే మూల గుండ్రం 0.4 మి.మీ. వ్యాసార్థం. మీరిచ్చే కట్ 0.1. అంటే ఆ గుండ్రంలో నాలుగో వంతే లోపలికి దిగుతోంది. లోహం తెగే బదులు టూల్‌నీ జాబ్‌నీ విడగొట్టి తోస్తుంది. పైగా ఎమ్ రకం (పేరులో మూడో అక్షరం) టిప్‌కి అంచు కావాలనే కొంచెం మొద్దుగా ఉంచుతారు, పెద్ద మెషీన్లలో విరక్కుండా. మీరు సీసీజీటీ 060202 తెచ్చుకోండి. జీ అంటే అంచు సాన పట్టినది, బ్లేడులా ఉంటుంది. అల్యూమినియం కోసం చేసిందే, కానీ చిన్న లేత్ మీద ఎమ్మెస్‌కీ చక్కగా పనిచేస్తుంది, తక్కువ వేగంలో కూడా. టిప్ అరిగితే తిప్పి బిగిస్తే చాలు, కొలత దాదాపు మారదు. తాతల కాలం నాటి హెచ్‌ఎస్‌ఎస్ కోసం గ్రైండర్ ముందు కూర్చోవడం దేనికి?

పాతటర్నర్:
తాతల కాలమే. టేలర్, వైట్ ఇద్దరూ తయారుచేసిన ఆ ఉక్కుని 1900లో పారిస్ ప్రదర్శనలో చూపించారు. మీ కార్బైడ్‌ని 1920ల్లో జర్మనీలో క్రుప్ కంపెనీ విడియా పేరుతో అమ్మకానికి పెట్టింది. తాతకీ పెదనాన్నకీ ఉన్నంత తేడా!

శనివారంషెడ్డు:
నేను మైక్రాన్ గారి పక్షం, కానీ కారణం వేరు. నాకు వారానికి దొరికేది రెండు గంటలు. హెచ్‌ఎస్‌ఎస్ నేర్చుకుందామని కూర్చుంటే అందులో గంట సానకే పోయేది. మొదటి బిట్‌కి ముందు వాలు ఎక్కువైంది, రెండోదానికి పక్క వాలు లేనేలేదు, మూడోది సగానికి అరిగిపోయింది. అప్పటికి తిప్పింది ఒక్క బుష్షూ లేదు. సాన పట్టడం గొప్ప విద్యే, ఒప్పుకుంటాను. నాకు కావలసింది బుష్.

పాతటర్నర్:
మీ బాధ నాకు తెలుసు. నేర్చుకునే రోజుల్లో నేనూ బోలెడు బిట్లు అరగదీశాను. మూడు ముఖాలే సార్. ముందు వైపు కిందికి 8, 10 డిగ్రీల వాలు. పక్కనా అంతే. పైన చిప్ (తెగిన లోహపు పొర) పారే వైపు ఎమ్మెస్‌కి 12 దాకా. డిగ్రీలు ఒకటి రెండు అటూఇటూ అయితే కొంప మునగదు. మునిగేది వాలు బొత్తిగా లేకపోతే. మూలని నూనె రాయి మీద రెండుసార్లు మెల్లగా తిప్పితే ఫినిషింగ్ అక్కడే మారిపోతుంది. ఇత్తడికి మాత్రం పై ముఖం సమంగా ఉంచండి, వాలు ఇస్తే టూల్ జాబ్‌లోకి దూకుతుంది. ఇది కూడా కష్టమనుకుంటే టాంజెన్షియల్ హోల్డర్ చేసుకోండి. అందులో బిట్ దాదాపు నిలువుగా నిలబడుతుంది. సాన పట్టేది పైనున్న ఒక్క ముఖమే.

మైక్రాన్:
బిట్ నీలం రంగు తిరిగితే పోయినట్టేగా? కొత్తవాళ్లు అక్కడే పాడుచేసుకుంటారు.

పాతటర్నర్:
పాత కార్బన్ స్టీల్ టూల్ అయితే పోయినట్టే. హెచ్‌ఎస్‌ఎస్‌కి టెంపర్ (గట్టిపరిచాక పెళుసు తగ్గించేందుకు మళ్లీ వేడి) చేసేదే 550 డిగ్రీల దగ్గర, నీలం వచ్చేది 300 దగ్గర. కంగారు పడక్కర్లేదు. వేళ్లు కాలకముందే నీళ్లలో ముంచుతూ పట్టండి. బాగా కాగనిచ్చి ఒక్కసారిగా ముంచితే మాత్రం కంటికి కనపడని పగుళ్లు వస్తాయి. కార్బైడ్‌ని అసలు ముంచకండి. దానికి సాన పట్టే పచ్చ రాయి వేరు, మామూలు బూడిద రాయి మీద దిగదు.

ఇంకోటి, కార్బైడ్ దండగ అని నేననలేదు. పోత ఇనుము పైపెంకు, నల్ల పొలుసున్న రాడ్, గట్టిపరిచిన బోల్టు వస్తే నేనూ టిప్పే అందుకుంటాను.

రెండుపైసలు:
ఇంతసేపూ కొట్టుకున్నారు గానీ టూల్ ఎత్తు సంగతి ఒక్కరూ అడగలేదు. కొత్తచెయ్యి గారూ, ఫేసింగ్ (రాడ్ కొసని చదును) చేస్తే మధ్యలో చిన్న బొడిపె మిగులుతోందా? మెషీన్ ఆపి, టూల్ మొనకీ రాడ్‌కీ మధ్య పల్చటి స్టీల్ స్కేలు పెట్టి మెల్లగా నొక్కండి. స్కేలు నిలువుగా నిలబడితే మొన సరిగ్గా సెంటర్లో ఉన్నట్టు. పై కొస మీ వైపు వాలితే మొన కిందికి ఉంది. అవతలికి వాలితే పైకి ఉంది. ఇది చూడకుండా టిప్ బాలేదనడం ఆడలేక మద్దెల ఓడు అన్నట్టే.

కొత్తచెయ్యి:
మీరన్న బొడిపె మిగులుతోంది. స్కేలు పెడితే నా మీదికి వాలింది. పాత ఫీలర్ గేజ్ రేకులు పేర్చి చూస్తే 0.6 మి.మీ. కిందికి ఉంది! ఆ రేకులే టూల్ కింద ప్యాకింగ్‌గా పెట్టి అదే టిప్‌తో 0.4 కట్ ఇచ్చాను. సగం చాటరింగ్ అక్కడే పోయింది.

తర్వాత పాతటర్నర్ గారు చెప్పినట్టు 8 మి.మీ. బిట్ ఒకటి సాన పట్టాను. గంటన్నర పట్టింది, చూడటానికి కుక్క కొరికినట్టుంది. 400 ఆర్‌పీఎమ్‌లో, బ్రష్‌తో కటింగ్ ఆయిల్ రాస్తూ 0.05 కట్ ఇస్తే ఉల్లిపొర లాంటి చిప్ లేచింది. మైక్రోమీటర్లో చూస్తే వ్యాసం సరిగ్గా 0.1 తగ్గింది. టిప్‌తో ఒక్కసారీ ఇలా రాలేదు. చదరపు కడ్డీ కూడా దాంతోనే గుండ్రం చేశాను, టకటకమంది గానీ మొన చెక్కుచెదరలేదు. సీసీజీటీ కూడా తెప్పిస్తున్నాను, మైక్రాన్ గారూ, కోపం వద్దు.

ఒక్కటే చిరాకు. హెచ్‌ఎస్‌ఎస్‌తో పెద్ద కట్ ఇస్తే చిప్ తెగకుండా మూరెడు పొడవు స్ప్రింగులా వచ్చి చక్‌కి (రాడ్‌ని పట్టి తిప్పే భాగం) చుట్టుకుంటోంది.

మైక్రాన్:
టిప్‌కి చిప్‌ని విరిచే చిప్ బ్రేకర్ గాడి దాంతోపాటే వస్తుంది. ఊరికే గుర్తు చేస్తున్నాను.

పాతటర్నర్:
ఆ గాడి పనిచెయ్యాలంటే ఎంత ఫీడ్ కావాలో కూడా చెప్పండి మరి! బాబూ, అంచు వెనక చక్రం మూలతో సన్నటి గాడి ఒకటి తీయండి, లేదా ఫీడ్ కొంచెం పెంచండి. అప్పటిదాకా ఆ స్ప్రింగుని చేత్తో లాగొద్దు, గ్లౌజు వేసుకుని అసలే వద్దు. మెషీన్ ఆపి కొక్కెంతో తియ్యండి. లావు వెల్డింగ్ రాడ్‌ని వంచితే రెండు నిమిషాల్లో కొక్కెం తయారు. పిడి చివర గుండ్రంగా మూసేయకుండా వదిలేయండి, ఎప్పుడైనా చుట్టుకుంటే వేలు అందులో ఇరుక్కోకుండా జారిపోవాలి.