కాకసస్ వేర్పాటు పోరాటాలు రష్యా చమురు రాజకీయానికి లాభమా, నష్టమా?

ప్రశ్న: రష్యాలోని చెచెన్యా వేర్పాటు గొడవ వల్ల రష్యా పైప్‌లైన్ దెబ్బతింది. జార్జియా నుంచి విడిపోయిన దక్షిణ ఒసేతియా వల్ల పొరుగువాళ్ల పైప్‌లైన్లు రష్యా గుప్పిట్లోకి వచ్చాయంటారు. నిజంగా మిగిలిందేమిటి?

జవాబు 1: చెచెన్యాలో నష్టమే. అజర్‌బైజాన్ రాజధాని బాకు నుంచి రష్యా నల్లసముద్రపు రేవు నొవొరొస్సీస్క్‌కు వెళ్లే సుమారు 1,330 కి.మీ. లైనులో దాదాపు 150 కి.మీ. అక్కడే ఉండేది. గొట్టానికి కన్నం పెట్టి చమురు తోడేసేవాళ్లు, రవాణా రుసుములో చెచెన్యా రాజధాని గ్రోజ్నీ వాటా మీద తగువు సరేసరి. 1999లో లైను ఆగింది. మరుసటి ఏడాది రష్యా ప్రభుత్వ పైప్‌లైన్ సంస్థ ట్రాన్స్‌నెఫ్ట్ పక్కనున్న దాగెస్తాన్ గుండా చుట్టుదారి వేసింది గానీ, ఈలోపే 1999 నవంబరులో ఇస్తాంబుల్‌లో, రష్యాను తప్పించి జార్జియా మీదుగా టర్కీ రేవు జెయ్‌హాన్‌కు వెళ్లే బాకు–టిబిలిసి–జెయ్‌హాన్ పైప్‌లైన్ ఒప్పందంపై సంతకాలైపోయాయి.

జవాబు 2: యుద్ధం లేకపోయినా ఆ నొవొరొస్సీస్క్ లైనుకు గిరాకీ అంతంతే అండి. దాంట్లో క్వాలిటీ బ్యాంక్ (కలిసిపోయిన చమురుల నాణ్యత తేడాకు పరిహారం లెక్కకట్టే ఏర్పాటు) లేదు. గంధకం తక్కువుండే అజర్‌బైజాన్ చమురు అజరీ లైట్‌ను ఈ చివర పోస్తే, ఆ చివర రష్యా చమురు యూరల్స్ మిశ్రమంగా వస్తుంది, ధర తగ్గుతుంది. ఈ సంగతి వదిలేసి అంతా భద్రత మీదకే నెట్టేస్తుంటారు.

జవాబు 3: 2008 ఆగస్టు చూడండి. 5న టర్కీలో రెఫాహియె దగ్గర జెయ్‌హాన్ లైను వాల్వ్ స్టేషన్ పేలింది, తమ పనేనని కుర్దుల సాయుధ సంస్థ పీకేకే చెప్పుకుంది. గొట్టమంతా భూమిలోనే ఉంటుంది, పైకి కనబడేవి వాల్వ్, పంపింగ్ స్టేషన్లే కాబట్టి దెబ్బ అక్కడే పడుతుంది. అటూ ఇటూ వాల్వులు మూసేసినా మధ్యలో చిక్కుకున్న చమురు కాలిపోయేదాకా మంట ఆరదు. రెండ్రోజులకే దక్షిణ ఒసేతియాలో రష్యా–జార్జియా యుద్ధం. 12న ఈ లైన్లు నడిపే బ్రిటిష్ చమురు సంస్థ బీపీ ముందుజాగ్రత్తగా, జార్జియా రేవు సుప్సాకు వెళ్లే బాకు–సుప్సా లైనూ మూసింది. బాకు దగ్గర చమురు నిల్వచేసే సంగచాల్ ట్యాంకులకు ఒక హద్దుంటుంది కదా, సముద్రంలో ఉత్పత్తి తగ్గించాల్సి వచ్చింది. మిగిలిన పెద్ద లైను రష్యాదే. కానీ దాని సామర్థ్యం రోజుకు సుమారు లక్ష బ్యారెళ్లు, జెయ్‌హాన్‌ది 10 లక్షలు. అందుకే అవకాశం చేతికందినా వాడుకోలేకపోయింది. ఆ నెలాఖరుకు జెయ్‌హాన్ మళ్లీ నడిచింది.

ప్రశ్న అడిగినవారు: మరి 2015లో దక్షిణ ఒసేతియా సరిహద్దు జార్జియా వైపు జరిపారు కదా?

జవాబు 3: ఆ జులైలో ఓర్చోసాని ఊరి దగ్గర బోర్డులు ముందుకు పాతారు. సుప్సా లైనులో సుమారు 1.6 కి.మీ. ముక్క అవతలికి పోయింది. చమురు ఆగలేదు. ఆ ముక్కలో లీకైతే మరమ్మతు సిబ్బంది ఎవరి అనుమతితో లోపలికి వెళ్లాలన్నదే చిక్కు.