జ్ఞాపకార్థ కూడికలో మా అవ్వ గురించి అయిదు నిమిషాలు – ఏం చెప్పాలి?

కావలి మనవరాలు:
అందరికీ వందనాలు. మా అవ్వ పోయిన నెల ప్రభువునందు నిద్రించింది. 87 ఏళ్ళు. వచ్చే శనివారం జ్ఞాపకార్థ కూడిక. కుటుంబం తరఫున అయిదు నిమిషాలు నన్ను మాట్లాడమన్నారు. మూడుసార్లు రాసి, మూడుసార్లూ చింపేశాను. భక్తిపరురాలు, ప్రార్థనాపరురాలు, ఆదర్శమాత అని రాస్తే మా అవ్వ అందులో ఎక్కడా కనబడటం లేదు.

నాకు గుర్తున్నది వేరే. ఎసట్లో బియ్యం పోసేముందు రోజూ ఒక పిడికెడు తీసి రేకు డబ్బాలో వేసేది. ఆదివారం ఆ డబ్బా చర్చికి మోసుకెళ్ళేది నేనే. ఆమె మిషన్ ఎలిమెంటరీ స్కూల్లో టీచరు. ఒకసారి మూడు నెలలు జీతం రాలేదు, బియ్యం అడుగంటాయి. ఆ రోజు కూడా చెయ్యి డబ్బా వైపు పోయింది. "మనకే లేవు కదవ్వా" అన్నాను. "అందుకే చిన్న పిడికెడు తీశాలే" అంది.

1991లో మా నెల్లూరు జిల్లాలో అక్షరాస్యత ఉద్యమం నడుస్తున్నప్పుడు పగలు బడి, రాత్రి బడి రెండూ తనే చూసింది. మా వీధి చివర వేపచెట్టుకు లాంతరు తగిలించి కూలికెళ్ళొచ్చిన ఆడవాళ్ళకి పలకలు ఇచ్చేది. నాకప్పుడు ఏడేళ్ళు, బలపాలు పంచేదాన్ని. వాళ్ళలో చాలామంది చర్చికి వచ్చేవాళ్ళు కాదు. ఇప్పుడు కూడికకి వస్తామని కబురు పంపారు. వాళ్ళచేత మాట్లాడించొచ్చా? ఇంట్లో కొందరు పెద్దవాళ్ళు ఒప్పుకోవడం లేదు. నాకు ఒకటే టెన్షన్‌గా ఉంది.

ఒంగోలు సంఘపెద్ద:
అమ్మాయీ, దేవుడు మిమ్మల్ని ఆదరించును గాక. ఆ పిడికెడు బియ్యంతోనే మొదలుపెట్టు. మన సంఘాల్లో ఆ అలవాటు విలువ తెలిసినవాళ్ళు ఇంకా ఉన్నారు. 1876–78 కరువులో ఒంగోలు అమెరికన్ బాప్టిస్టు మిషనరీ క్లౌ దొరగారు బకింగ్‌హాం కాలువ తవ్వకం కాంట్రాక్టు తీసుకుని మనవాళ్ళకి కూలి ఇప్పించారు. తిండి కోసం వస్తున్నారన్న మాట రాకూడదని ఆ రోజుల్లో బాప్తిస్మం ఇవ్వకుండా ఆపారు. తర్వాత 1878 జులై 3న గుండ్లకమ్మ ఏట్లో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. మా ముత్తాత ఆ కాలువ పని చేసినవాడే. ఆకలి తెలిసిన ఇళ్ళల్లో పిడికెడు తీయడం చిన్న సంగతి కాదమ్మా.

బైబిల్లో గుణవతియైన స్త్రీ గురించి చెప్పే సామెతలు 31వ అధ్యాయం ఎలాగూ అంతా చదివిస్తారు. నువ్వు మాత్రం దీనులకు చెయ్యి చాపే 20వ వచనం దగ్గర ఆగి, ఆ డబ్బా అందరికీ చూపించు.

కలిగిరి అమ్మాయి:
అక్కా, మాది హిందూ కుటుంబం. మా అమ్మ కూడా అలాంటి రాత్రి బడిలోనే చదువుకుంది. వాచకంలో సారా గురించి పాఠం వచ్చిన రోజు ఎవరూ ఇళ్ళకి పోలేదట, ఎవరి మొగుడి గురించి వాళ్ళు చెప్పుకుంటూ కూర్చున్నారట. దూబగుంట మాకు దగ్గరే. అక్కడ సారా వ్యతిరేక ఉద్యమం నడిపిన రోశమ్మ గారి పేరు అందరికీ తెలుసు, కానీ ఊరూరా లాంతరు పట్టుకున్న టీచరమ్మల్ని ఎవరూ రాసుకోలేదు. 1993లో రాష్ట్రమంతా సారా ఆగిపోయిందంటే అందులో వాళ్ళ కష్టమూ ఉంది.

మా అమ్మకి మైకంటే భయం. మీవాళ్ళకీ అంతే అయ్యుంటుంది. అందుకని గుమ్మం దగ్గర ఒక నోటుపుస్తకం పెట్టండి. వచ్చినవాళ్ళంతా తమ పేరు తామే రాస్తారు. దానికి ఎవరు అడ్డు చెప్తారు? వేలిముద్ర వేసే చేతులకి మీ అవ్వ నేర్పింది అదే కదా.

రిటైర్డ్ టీచర్, నెల్లూరు:
కలిగిరి అమ్మాయి చెప్పింది చాలా బాగుంది. ఒక్క మాట. ఊరికి చేసిందంతా రాశావు, కన్నపిల్లల సంగతి రాలేదు. మీ నాన్నగారినో, మేనత్తనో అడుగు.

కావలి మనవరాలు:
అందరికీ చాలా థాంక్స్. రాత్రి అత్తకి ఫోన్ చేశాను. నర్సింగ్ హాస్టల్లో ఉన్నప్పుడు అత్త వారానికొక ఉత్తరం రాసేదట. అవ్వ జవాబు రాసి, దాంతోపాటు అత్త ఉత్తరాన్ని కూడా తిరిగి పంపేదట, తప్పులన్నీ ఎర్రసిరాతో దిద్ది. ఒకదాంట్లో "అన్నం సరిగా తినలేకపొతున్నాను" అని అత్త రాస్తే, "పొ"ని "పో" చేసి, పక్కనే "ఆదివారం వస్తున్నా, పచ్చడి తెస్తా" అని రాసింది. అత్త అవన్నీ ట్రంకుపెట్టెలో దాచుకుంది. ఫోన్లో చదువుతూ చదువుతూ ఏడ్చేసింది. నేనూ ఆపుకోలేకపోయాను.

డబ్బా, ఆ ఉత్తరం రెండూ పట్టుకెళ్తున్నా. రాసుకున్న కాగితం అక్కర్లేదనిపిస్తోంది. నోటుపుస్తకం కొన్నాను, పాస్టర్ గారు సంతోషంగా ఒప్పుకున్నారు. రాత్రి బడి వాళ్ళలో ఆరుగురికి నేనే ఫోన్ చేసి చెప్పాను. వాళ్ళలో ఒకామెకి డెబ్భై దాటాయి. పేరు రాయాలని చెప్పగానే కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "ఇంటిపేరుతో సహా రాయాలా పాపా? రెండు రోజులు టైమిస్తే పలక మీద రాసి చూసుకుంటా" అంది.