కుజునిపై గురుత్వ త్వరణం లెక్కలో తేడా ఎందుకు వస్తోంది?

ప్రశ్న: కుజుని ఉపరితలంపై గురుత్వ త్వరణాన్ని లెక్కించడానికి ద్రవ్యరాశిని 6.417 × 10²³ కిలోగ్రాములుగా, దూరాన్ని 6,779 కిలోమీటర్లుగా తీసుకొని, కిలోమీటర్లను మీటర్లలోకి మార్చి న్యూటన్ సూత్రంలో ప్రతిక్షేపించాను. జవాబు 0.93 మీ/సె² వస్తోంది. పట్టికల్లో మాత్రం 3.7 అని ఉంది. తేడా ఎక్కడుందో దయచేసి చెప్పగలరా?

సమాధానం: మీకు వచ్చిన విలువ అసలు విలువలో నాలుగో వంతు ఉంది కాబట్టి, చూడగానే అనుమానం దూరం మీదికే పోతుంది. 6,779 కిలోమీటర్లు కుజుని వ్యాసం. సూత్రానికి కావలసినది కేంద్రం నుంచి ఉపరితలానికి ఉన్న దూరం, అంటే వ్యాసార్థం. హారంలో దాని వర్గం ఉంటుంది కనుక దూరం రెట్టింపైతే ఫలితం నాలుగో వంతుకు పడిపోతుంది. 3,389.5 కిలోమీటర్లు తీసుకోండి: విశ్వగురుత్వ స్థిరాంకం 6.674 × 10⁻¹¹ ను ద్రవ్యరాశితో గుణిస్తే 4.283 × 10¹³, వ్యాసార్థపు వర్గం 1.149 × 10¹³, భాగిస్తే 3.73 మీ/సె². కుజుడు ధ్రువాల వద్ద కాస్త నొక్కుకుపోయి ఉంటాడు; మధ్యరేఖ వద్ద వ్యాసార్థం 3,396 కిలోమీటర్లు కాబట్టి, దానితో లెక్కించిన చోట 3.71 కనిపిస్తుంది. రెండూ సరైనవే.

లెక్క సరిచూసుకోవడానికి నేను భూమితో నిష్పత్తి కట్టే పద్ధతినే ఇష్టపడతాను, ఎందుకంటే అందులో పెద్ద ఘాతాంకాల బెడద ఉండదు. ఉదాహరణకు చంద్రుని ద్రవ్యరాశి భూమిలో 0.0123 వంతు, వ్యాసార్థం 0.273 వంతు; మొదటిదాన్ని రెండోదాని వర్గంతో భాగించి 9.81 తో గుణిస్తే 1.62 వస్తుంది.

ప్రశ్న: చాలా స్పష్టంగా చెప్పారు, ధన్యవాదాలండీ. అయితే తూచి చూడలేని గ్రహపు ద్రవ్యరాశి అసలు ఎలా తెలిసింది?

మరొక సభ్యుని సమాధానం: దాని చుట్టూ తిరిగే ఉపగ్రహం చెబుతుంది. 1877లో అసఫ్ హాల్ కనుగొన్న ఫోబోస్, కుజుని కేంద్రానికి 9,376 కిలోమీటర్ల దూరంలో 7 గంటల 39 నిమిషాలకు ఒక చుట్టు పూర్తి చేస్తుంది. ఆ దూరపు ఘనాన్ని 4π² తో గుణించి, సెకన్లలోకి మార్చిన కాలపు వర్గంతో భాగించి చూడండి, సుమారు 4.29 × 10¹³ వస్తుంది. పైన స్థిరాంకాన్నీ ద్రవ్యరాశినీ గుణిస్తే వచ్చిన లబ్ధం దాదాపు ఇదే. కాబట్టి గురుత్వ త్వరణం కోసం ద్రవ్యరాశిని విడిగా తెలుసుకోవలసిన పనే లేదు, ఈ లబ్ధాన్ని వ్యాసార్థపు వర్గంతో భాగిస్తే సరిపోతుంది. పైగా విశ్వగురుత్వ స్థిరాంకాన్ని ప్రయోగశాలలో కచ్చితంగా కొలవడం చాలా కష్టం కనుక, విడి ద్రవ్యరాశి కంటే ఈ లబ్ధమే ఎక్కువ కచ్చితత్వంతో తెలుస్తుంది.