114 ఎంఎం న్యూటోనియన్‌తో సూర్యుణ్ణి చూడాలంటే ఏ ఫిల్టర్ కొనాలి?

కందుకూరు_సైన్స్‌టీచర్:
మా హైస్కూల్లో 114 ఎంఎం, 900 ఎంఎం ఫోకల్ లెంగ్త్ న్యూటోనియన్ (లెన్సుకు బదులు అద్దంతో పనిచేసే టెలిస్కోప్) ఉంది. 25, 10 ఎంఎం ఐపీస్‌లు (కన్ను పెట్టి చూసే కటకాలు), గురి చూసుకోవడానికి చిన్న ఫైండర్ కూడా వచ్చాయి. 2023 సెప్టెంబర్ 2న శ్రీహరికోట నుంచి ఆదిత్య ఎల్1 వెళ్లినప్పటి నుంచి పిల్లలు సూర్యుడి మచ్చలు చూపించమని అడుగుతూనే ఉన్నారు. క్లాసుకు నలభై మంది. టెలిస్కోప్ పెట్టెలో 'సన్' అని రాసున్న చిన్న నల్ల ఫిల్టర్ ఉంది, ఐపీస్ అడుగున మరలు తిప్పి బిగించేది. అది చాలా? లేకపోతే చీమకుర్తి వైపు వెల్డింగ్ షాపులో నల్లద్దం తెచ్చి ట్యూబు ముందర పెట్టొచ్చా? గ్రహణం కళ్లద్దాలు ఓ పాతిక ఉన్నాయి, అవి పెట్టుకుని ఐపీస్‌లో చూస్తే సరిపోతుందా?

ఒంగోలు_ఆకాశం:
మాస్టారూ, ముందు ఆ 'సన్' ఫిల్టర్‌ని సుత్తితో పగలగొట్టి పారేయండి. పెట్టెలో దాచిపెడితే రేపు ఇంకెవరో తీసి బిగిస్తారు.

114 ఎంఎం అద్దం మీద మిట్టమధ్యాహ్నం పడే ఎండ సుమారు 10 వాట్లు. ఆ వేడంతా ఫోకస్ దగ్గర 8 ఎంఎం వెడల్పున్న సూర్యబింబంలోకి చేరుతుంది. మీ దగ్గరున్న ఫిల్టర్ కూర్చునేది సరిగ్గా అక్కడే. గాజు నడుమ కాలిపోతూ అంచుల్లో చల్లగా ఉంటే టప్పున చిట్లుతుంది. చిట్లిన క్షణంలో కన్ను ఐపీస్ దగ్గరే ఉంటుంది, రెప్ప వేసే వ్యవధి కూడా దొరకదు. పైగా రెటీనాకు నొప్పి తెలియదు. పిల్లవాడు ఏమీ కాలేదనుకుని ఇంటికి వెళ్తాడు, కొన్ని గంటల తర్వాత చూపు మధ్యలో మచ్చ కనిపిస్తుంది.

కళ్లద్దాలదీ అదే కథ. ఐఎస్ఓ 12312-2 (సూర్యుణ్ణి చూసే కళ్లద్దాల భద్రతా ప్రమాణం) గుర్తు ఉన్నవైనా ఉత్త కంటితో చూడ్డానికే. ఐపీస్ దగ్గర పోగైన వేడికి ఆ ఫిల్మ్ కాలి చిల్లు పడుతుంది. వెల్డింగ్ అద్దాల్లో 14వ నంబరు ఉత్త కంటికి పనికొస్తుంది. షాపులో చేతికిచ్చేది చాలాసార్లు 10 లేదా 11, అవి చాలవు. 14 దొరికినా ఆ పలక వెడల్పు రెండంగుళాలే, మీ ట్యూబు మూతికి సరిపోదు. దాని ఉపరితలం చదునుగా ఉండదు కాబట్టి బింబం అలుక్కుపోతుంది.

ఫిల్టర్ ఏదైనా సరే, వెలుగు ట్యూబులోకి దిగకముందే, మూతి దగ్గరే ఆపాలి. మీకు సరిపోయేది బాడర్ కంపెనీ ఆస్ట్రోసోలార్ లాంటి ఫిల్మ్, ఓడీ (వెలుగును ఎంత ఆపుతుందో చెప్పే కొలత) 5.0 రకం. లక్షలో ఒక వంతు వెలుగునే లోపలికి పోనిస్తుంది. అదే కంపెనీ ఓడీ 3.8 కూడా అమ్ముతుంది. అది ఫొటోలకు మాత్రమే, 5.0 కంటే దాదాపు 16 రెట్లు ఎక్కువ వెలుగు వదులుతుంది. రెండూ చూడ్డానికి ఒకే వెండి కాగితంలా ఉంటాయి. అందుకే ఎవరో కత్తిరించి ఇచ్చిన ముక్క కొనకండి, లేబుల్ ఉన్న పూర్తి షీటే తీసుకోండి.

మైపాడు_తీరం:
పైన చెప్పినదంతా నిజం. ఫిల్మ్‌ను ట్యూబుకు ఎలా కట్టాలన్నదే అసలు పని. ఎక్కువమంది ఇక్కడే తప్పు చేస్తారు.

ఏ4 సైజు షీటు ఒకటి చాలు. స్టేషనరీ షాపులో మౌంట్ బోర్డు, చార్టు కొనండి. చార్టును 8 సెంటీమీటర్ల వెడల్పు పట్టీలుగా కోసి, ట్యూబు మూతికి ఫెవికాల్‌తో మూడు నాలుగు చుట్లు చుట్టండి. ట్యూబుకు అంటుకోకుండా ముందు ఒక చుట్టు ఉత్త కాగితం వేయండి. ఆరాక ఇది గట్టి గొట్టంలా ఊడొస్తుంది. మౌంట్ బోర్డులో ఒకే కొలతవి రెండు రింగులు కోయండి. ఒక రింగుకు డబుల్ సైడ్ టేపు వేసి, టేబుల్ మీద పలుచటి టిష్యూ పరిచి దాని మీద ఫిల్మ్ పెట్టి, రింగును పైనుంచి నిదానంగా దించండి. ఫిల్మ్‌ను లాగి బిగించొద్దు. తబలా మీద తోలులా బిగిస్తే బింబం వంకర పోతుంది. కాస్త వదులుగా, సన్నటి అలలతో ఉంటేనే బొమ్మ బాగుంటుంది. చూడ్డానికి అసహ్యంగా ఉందని సరిచేయబోకండి. రెండో రింగును పైన అంటించి, మొత్తాన్ని గొట్టానికి అతికించండి.

ఈ టోపీ ట్యూబు మీద బిగువుగా కూర్చోవాలి. అయినా మూడు వైపులా టేపు వేయాల్సిందే. మన తీరంలో పొద్దెక్కాక సముద్రం గాలి లేస్తుంది, ఒక్క విసురుకే వదులు టోపీ ఎగిరిపోతుంది. మిగిలిన ఫిల్మ్‌తో ఫైండర్‌కూ చిన్న టోపీ చేయండి, లేదా ఫైండర్‌ను పూర్తిగా ఊడదీయండి. అందరూ పెద్ద ట్యూబు గురించే ఆలోచిస్తారు, పిల్లలు మాత్రం ముందు ఫైండర్‌లోనే కన్ను పెడతారు.

కందుకూరు_సైన్స్‌టీచర్:
చాలా థాంక్స్ అన్నా. ట్యూబు మూతలో ఓ పక్కన 5 సెంటీమీటర్ల చిన్న రంధ్రం, దానికి వేరే బిరడా ఉన్నాయి. అక్కడ మాత్రమే ఫిల్మ్ అంటిస్తే చాలదా? ఇంకో సాయం: ఒకాయన హెర్షెల్ వెడ్జ్ (ఐపీస్ ముందు బిగించి, ఎక్కువ వెలుగును పక్కకు మళ్లించే గాజు పట్టకం) కొనమన్నారు. అది మాకు పనికొస్తుందా?

ఒంగోలు_ఆకాశం:
చాలు. స్కూలుకైతే నేను అదే మంచిదంటాను. భూమంత మచ్చ సూర్యుడి మీద సుమారు 17 ఆర్క్ సెకన్లు (ఆర్క్ సెకను అంటే డిగ్రీలో 3600వ వంతు) ఉంటుంది. 50 ఎంఎం రంధ్రం 2.3 ఆర్క్ సెకన్ల వివరం వరకు చూపిస్తుంది. పగటి గాలి కదలికలో అంతకన్నా ఎక్కువ దొరకడం కష్టమే. ఫిల్మ్‌ను మూత లోపలి వైపు రింగుతో అంటించండి, మూతకు బయట నుంచి టేపు వేయండి.

హెర్షెల్ వెడ్జ్ లెన్సు టెలిస్కోపులకే. న్యూటోనియన్‌లో వాడితే ఫిల్టర్ లేని ఎండ పెద్ద అద్దం మీదుగా సెకండరీకి (ట్యూబు ముందువైపున్న చిన్న అద్దానికి) చేరి, దాన్నీ దాని ప్లాస్టిక్ హోల్డర్‌నూ వేడెక్కిస్తుంది. తెర మీద బింబం పడేసి చూపించినా అదే ఇబ్బంది. మూన్ ఫిల్టర్లు, నెబ్యులాల ఫొటోల కోసం వాడే హెచ్-ఆల్ఫా (ఒక ఎర్ర రంగు వెలుగునే పోనిచ్చే) ఫిల్టర్లు సూర్యుడికి అసలు పనికిరావు.

మైపాడు_తీరం:
వాడే ప్రతిసారీ ఫిల్మ్‌ను టార్చి ముందు పట్టి చూడండి. గీత పడినా, పూత లేచినా షీటు మార్చాలి. గుడ్డతో తుడవకండి, దుమ్మును గాలి బల్బుతో ఊదండి. సిలికా జెల్ పొట్లం వేసిన డబ్బాలో దాచండి, ఉప్పు గాలికి పూత త్వరగా పోతుంది.

టెలిస్కోప్‌ను సిమెంటు డాబా మీద పెడితే వేడి ఆవిర్లకు బింబం వణుకుతుంది. ఉదయం ఎనిమిది, తొమ్మిది గంటల మధ్య మట్టి నేల మీద పెట్టండి. ట్యూబు నీడ నేల మీద అన్నిటికన్నా చిన్న గుండ్రంగా పడేదాకా తిప్పితే సూర్యుడు ఐపీస్‌లోకి వస్తాడు. 25 ఎంఎంతో 36 రెట్లు, మొత్తం బింబం పడుతుంది. సూర్యుడు తన వెడల్పంత దూరం సుమారు రెండు నిమిషాల్లో జరిగిపోతాడు కాబట్టి ఇద్దరు ముగ్గురు చూశాక మీరే సర్దాలి, పిల్లల చేతికి ఇవ్వొద్దు. అయిపోయాక ముందు ట్యూబును ఎండకు పక్కకు తిప్పి, ఆ తర్వాతే టోపీ ఊడదీయండి.